అక్క వచ్చేసింది, చెప్పులేసుకో

ఉద్యోగ విరమణ తర్వాత రెండో ఏడు, నా గొంతు శంషాబాద్‌లో కొందరి ఇళ్లలో రోజూ పొద్దున వినిపించడం మొదలైంది. వాళ్లలో చాలామందిని నేను చూడలేదు. అరవై దాటినవాళ్లు, చక్కెర జబ్బో బీపీయో మోకాళ్ల నొప్పులో ఉన్నవాళ్లు. వాళ్ల ఫోన్లకు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి చిన్న మాట వెళ్లేది. లేవండి, కాస్త నడవండి అని. ఆ మాటలు రాసిందీ, చదివిందీ నేనే.

ఈ పని నా దగ్గరికి తెచ్చింది నా పాత విద్యార్థిని. ఫిజియోథెరపీ చదివి ఒక చిన్న సంస్థలో చేరింది. పెద్దవాళ్ల చేత నడిపించడం వాళ్ల పని. ఒకరోజు మా ఇంటికి వచ్చి కూర్చుని చెప్పింది.

"టీచర్, దవాఖానలో నడవమని చెప్తే అందరూ తలూపుతరు. ఇంటికి పోయి మంచమెక్కుతరు. రోజూ ఎవరో ఒకరు గుర్తుచెయ్యాలె. అందరి ఇండ్లకు నేను పోలేను కదా, ఫోన్ పోతది. మీరు జర మాటలు రాసిస్తరా?"

రాయడమే కదా అని ఒప్పుకున్నాను. చాలామందికి చదవడం రాదు కాబట్టి నేనే చదివి రికార్డు చేయాలని తర్వాత చెప్పింది. ఫోన్ ఒంటి మీద ఉంటే మనిషి కదిలిందీ లేనిదీ దానికి తెలుస్తుందట. చాలాసేపు కదలకపోతే ఒక మాట, నడిచొస్తే మెచ్చుకుంటూ ఇంకో మాట, దానంతట అదే పంపుతుందట.

మా అపార్ట్‌మెంట్ మీదుగా విమానాలు దిగుతాయి. ఒక విమానం వెళ్లి ఇంకొకటి వచ్చేలోపు రికార్డు చేసుకోవాలి. బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య ఫోన్ పెట్టి, నిలబడి చదివేదాన్ని. ముప్పై ఏళ్లు తరగతి గదిలో పాఠం చెప్పిన గొంతు. మాది కృష్ణా తీరం. పెళ్లయి ఇటు వచ్చి ఎంతకాలమైనా నా మాటలో ఆ ప్రాంతపు యాసా, పాఠ్యపుస్తకం భాషా అలాగే ఉండిపోయాయి. నేను రాసిన మొదటి మాట ఇది: "శుభోదయం. ఆలస్యం చేయకుండా ప్రాతఃకాల నడకకు ఉపక్రమించండి." రాసినప్పుడు అందులో నాకేమీ తేడా కనిపించలేదు.

నెల తిరిగేసరికి ఫిజియో అమ్మాయి తన ఫోన్ తెరిచి చూపించింది. నడిచినవాళ్ల పేరు పక్కన పచ్చ చుక్క, నడవనివాళ్ల పక్కన బూడిదరంగు చుక్క. తెర మొత్తం బూడిద రంగులోనే ఉంది. "బీపీ గోలీలు ఇచ్చే రోజు దవాఖానకు రండి టీచర్. వాళ్లనే అడుగుదాం" అంది.

వెళ్లాను. అది మూడు గదుల చిన్న దవాఖాన, ముందు రేకుల వరండా. వరండాలో బల్లల మీద పెద్దవాళ్లు వరసగా కూర్చున్నారు. ఫిజియో అమ్మాయితో నేనేదో అంటుంటే, బల్ల చివర కూర్చున్న ఒకావిడ చటుక్కున తల తిప్పింది. డెబ్భై దగ్గర పడుతున్న మనిషి. ఎత్తుగా, ఎముకలు తేలి ఉంది. పాదాలు మాత్రం వాచి ఉన్నాయి.

"నువ్వేనా పొద్దుగాల ఫోన్ల మాట్లాడేది?" అంది.

"నేనేనండీ."

"గొంతు మంచిగున్నది గని ఏమంటవో సమజ్ కాదు. ఉపక్రమించుండ్రి అంటవ్. ఏంది అది? సూదా?"

బల్ల మీద ఉన్నవాళ్లందరూ నవ్వారు. ఫిజియో అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

ఆమెను నేను అక్కా అని పిలిచేదాన్ని. ఇక్కడా అలాగే రాస్తాను. ఒకప్పుడు వాళ్లకు కొంచెం పొలం ఉండేది, కూరగాయలు పండించేవాళ్లు. ఎయిర్‌పోర్టు వచ్చాక ఆ పొలం లేదు. తర్వాత చాలా ఏళ్లు కందుకూరు వైపు నుంచి వచ్చే టమాటా, బెండకాయ కొని శంషాబాద్ బజారులో గంప పెట్టి అమ్మింది. మోకాళ్లు పట్టేశాక గంప మానేసింది. కూతురు ఎయిర్‌పోర్టులో సాఫ్ సఫాయి పని చేస్తుంది, షిఫ్టు డ్యూటీ. పగలంతా రెండు గదుల కిరాయి ఇంట్లో అక్క ఒక్కతే. ఆదివారం చర్చికి కూతురితో ఆటోలో పోయివస్తుంది. మిగిలిన రోజుల్లో మంచం, టీవీ. ఆమె ఫోన్ ఎప్పుడూ ఆ టీవీ మీదే ఉండేది కాబట్టి, ఆమె పేరు పక్కన చుక్క ఎప్పుడూ బూడిద రంగే.

ఆ రోజు ఇంటికొచ్చి మాటలన్నీ తిరగరాశాను. "అక్కా, ఎండ ముదరకముందే గల్లీ చివరిదాకా పోయిరా" అని, "అన్నా, ఎంతసేపు కూసుంటవ్, జర లే" అని. ఆ యాస నా నోట్లో సరిగా పలకదు. ఫిజియో అమ్మాయి పక్కన కూర్చుని, పలకని మాట దగ్గరల్లా ఆపి మళ్లీ చదివించింది. నా దగ్గర ఒత్తులు దిద్దుకున్న పిల్ల ఇప్పుడు నాకు ఉచ్చారణ దిద్దింది. దాంతో కొందరి చుక్కలు పచ్చబడ్డాయి. అక్కది పడలేదు.

తర్వాతిసారి దవాఖానలో కలిసినప్పుడు అడిగాను. మాట ఇప్పుడు అర్థమవుతోందా అని.

"అయితున్నది."

"మరి ఎందుకు నడవడం లేదక్కా? నొప్పా?"

"నొప్పి ఉంటది. నొప్పికేంది, గంప ఎత్తుకున్నప్పుడు లేదా?" గొంతు తగ్గించి చెప్పింది. "ఊకె ఎట్ల నడుస్తరు టీచరమ్మా? పొలానికి నడిచిన. బజారుకు నడిచిన. పని మీద పోతె పోయినట్టు. పని లేకుండ గల్లీ చివరిదాక పోయి, ఆడ ఏం చెయ్యాలె? మల్ల మర్లి రావాలె. చూసెటోళ్లు ఏమనుకుంటరు? ముసల్దానికి మతి పోయింది అనుకుంటరు."

అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం బూట్లు వేసుకుని బిల్డింగ్ చుట్టూ తిరుగుతాం. ఎవరూ ఏమీ అనుకోరు. అక్క ఉండే గల్లీలో ఆ వయసు ఆడవాళ్లు చేతిలో ఏదో ఒకటి లేకుండా బయటికి రారని అప్పుడు తట్టింది. చెంబో, సంచో, మనవడి చెయ్యో ఉంటుంది.

మేమిద్దరం ఇలా మాట్లాడుకుంటున్నప్పుడే వరండాలో గొడవ మొదలైంది. తెల్ల లాల్చీ, తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన ఫిజియో అమ్మాయి ఎదురుగా నిలబడి గట్టిగా మాట్లాడుతున్నాడు.

"రోజూ పొద్దున ఒక మేడమ్ ఫోన్ల నడువు నడువు అంటది. మల్ల ఫోన్ చేస్తే ఎవరు ఎత్తరు. నేను నడుస్త, నాకేం పరేషాన్ లేదు. నా బీవీని ఎవరు చూస్తరు? అది చెప్పమనుండ్రి ఆ మేడమ్‌ను."

ఫిజియో అమ్మాయి నా వైపు చూసింది. నేను లేచి, "ఆ మేడమ్ నేనే భాయ్ సాబ్" అన్నాను. ఆయన కోపం సగంలో ఆగిపోయింది. ఫోన్‌లో గొంతు ఇలా మనిషిగా ఎదురుపడుతుందని అనుకోలేదేమో. టోపీ సర్దుకుని, నెమ్మదిగా చెప్పాడు.

ఆయన కాటేదాన్‌లో మోటార్లకు వైండింగ్ చేసే పని చేసి మానేశాడు. ఇల్లు పాత బజారు వెనక. పిల్లలు మైలార్‌దేవ్‌పల్లి దగ్గర విడిగా ఉంటారు, సెలవు రోజుల్లో వచ్చి పోతుంటారు. ఏడాది క్రితం ఒక పొద్దున ఆయన చాయ్ తాగడానికి హోటల్‌కు వెళ్లిన సమయంలో భార్య బట్టలుతికే బండ దగ్గర జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది. అప్పటి నుంచి ఆవిడ మంచం దిగలేదు, ఈయన గడప దాటలేదు. ఇప్పుడు కూడా పక్కింటామెను కాసేపు కూర్చోమని బతిమాలి వచ్చాడు. "నేను పోవాలె, జల్దీ పోవాలె" అని మధ్యమధ్యలో అంటూనే ఉన్నాడు.

మా వెనక నుంచి అక్క అడిగింది. "నీ ఇల్లు బజారెనక ఏడ?"

ఆయన ఆనవాళ్లు చెప్పాడు. పిండి గిర్నీ పక్క సందు.

"నాకు ఎరుకే. మా ఇంటికెంచి దూరమేం లేదు" అంది అక్క. "నాకు పోనీకి పని లేదు. నీకు పోనీకి సందు లేదు. పొద్దుగాల నేనొచ్చి ఆమె దగ్గర కూసుంట. నువ్వు పోయిరా."

ఆయన ఫిజియో అమ్మాయి ముఖం చూశాడు. ఆ అమ్మాయి నా ముఖం చూసింది. అంతవరకు మా మెసేజ్‌లలో ఎక్కడా లేని ఆలోచన అది.

మర్నాడు నాలుగు కొత్త మాటలు రికార్డు చేశాను. అక్క ఫోన్‌కు వెళ్లేది: "అక్కా, ఆపా ఎదురుచూస్తున్నది. బయల్దేరు." ఆపా అంటే భాయ్ సాబ్ భార్య; ఉర్దూలో అక్క అని. ఫోన్ నడుముకు కట్టుకోవడానికి కూతురు ఒక గుడ్డసంచి కుట్టిచ్చింది. ఆమె సందు మలుపు తిరిగిందని ఆ ఫోన్ ద్వారా తెలిశాక భాయ్ సాబ్ ఫోన్‌కు ఇంకోటి వెళ్లేది: "భాయ్ సాబ్, అక్క వచ్చేసింది. చెప్పులేసుకో." మిగిలిన రెండూ తిరుగు ప్రయాణానివి.

రెండు చుక్కలూ పచ్చబడ్డాయి. అక్క పొద్దున ప్రార్థన చేసుకుని, ఇంత తిని, చేతిలో ఒక సంచి పట్టుకుని బయల్దేరేది. ఎవరన్నా అడిగితే, పని మీద పోతున్న అని చెప్పేది. భాయ్ సాబ్ సర్వీసు రోడ్డు వెంట హోటల్ దాకా నడిచి, పాత స్నేహితులతో చాయ్ తాగి, ఇంకో దారిన ఇంటికి వచ్చేవాడు. ఆ చాయ్‌లో చక్కెర గురించి ఫిజియో అమ్మాయి అడిగితే, "నడువమన్నరు, నడుస్తున్న. ఇగ అది కూడ అడగొద్దు" అనేవాడట.

ఆపా అన్న పిలుపు అక్కదే. మాకూ అదే అలవాటైంది. ఆపాకు తెలుగు బాగానే వచ్చు, కానీ ఇంట్లో దక్నీ ఉర్దూయే మాట్లాడుతుంది. అక్కకు బజారులో గంప పెట్టినప్పటి దక్నీ వచ్చు, బేరం ఆడటానికి సరిపోయేంత. ఇద్దరూ ఎవరి భాషలో వాళ్లు మాట్లాడుకునేవారు. ఎక్కువగా ధరలు, కూరలు, ఒకప్పటి బజారు. ఆపా ఒకప్పుడు అక్క దగ్గరే టమాటా కొన్నదని, కుళ్లినవి వేసిందని పోట్లాడిందని ఒకరోజు బయటపడింది. కుళ్లినవి వేయలేదని అక్క ఇప్పటికీ అంటుంది.

చలికాలం వచ్చింది. ఆ తర్వాతి సంగతి జరిగినప్పుడు నేను అక్కడ లేను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. వాటిలో కలిసే భాగం ఇది.

భాయ్ సాబ్ నడక ముగించి ఇంటికి వచ్చేసరికి తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మంచం ఖాళీగా ఉంది. దుప్పటి కాళ్ల వైపుకు నెట్టి ఉంది. ఆయన ఆపాను పేరు పెట్టి అరిచాడు. పెళ్లైన దగ్గర్నుంచి ఆయన ఆమెను పేరుతో పిలవడం అదే మొదటిసారని ఆపా చెప్పింది. జవాబు వెనక వాకిట్లోంచి వచ్చింది. వెళ్లి చూస్తే, బట్టలుతికే బండకు ఇవతల, ఎండలో ప్లాస్టిక్ కుర్చీ మీద ఆపా కూర్చుని ఉంది. వెనక నిలబడి అక్క ఆమె తలకు నూనె రాస్తోంది.

"ఎవరు లేపమన్నరు నిన్ను?" అన్నాడాయన అక్కతో.

"ఎవరేం అనలె. లేస్త అన్నది. నేను పట్టుకున్న."

"పడితే?"

"నేను పడలె" అంది ఆపా. "చూడుండ్రి. పడలె కదా."

ఆయన ఆమె మాట విననే లేదు. "నేను బయటికి పోయినప్పుడే మొదలు పడ్డది. మల్ల బయటికి పోయి వచ్చేవరకు మంచం ఖాళీ. నా జీవితం ఎట్లుంటది? చెప్పు. ఎట్లుంటది?" అని అక్క మీద అరిచాడు. ఆ అరుపు గల్లీ చివరిదాకా వినిపించి ఉంటుందని అక్క చెప్పింది. అంత గట్టిగా అరవలేదని ఆయన అన్నాడు. చివరికి, "రేపటి సంది రావొద్దు" అన్నాడు.

అక్క దువ్వెన ఆపా ఒళ్లో పెట్టి, చేతికున్న నూనె తన మోచేతులకు రాసుకుని, చెప్పులేసుకుని వచ్చేసింది.

తర్వాత నేను అడిగితే అక్క ఇలా చెప్పింది. "రోజూ ఆమె పండుకునుంటది, నేను కూసునుంట. ఇంట్లకు ఎండ రాదు. బయట మంచి ఎండున్నది ఆపా, చూసొద్దమా అన్న. చూద్దాం అన్నది. గంతే టీచరమ్మా. ఇంక ఏం సోంచాయించలె."

ఈ సంగతి నాకు గానీ ఫిజియో అమ్మాయికి గానీ వెంటనే తెలియలేదు. అక్క చెప్పలేదు. చుక్కలు బూడిద రంగుకు మారితే చలికి మానుకున్నారేమో అనుకున్నాం. ఆమె మళ్లీ మంచం మీదికి చేరింది. అప్పటికి ఫోన్‌లో మాటలన్నీ సమయం ప్రకారం వెళ్లేలా సంస్థవాళ్లు మార్చారు. దాంతో అవి ఆగలేదు. ప్రతి పొద్దునా అక్క ఇంట్లో నా గొంతు, "ఆపా ఎదురుచూస్తున్నది, బయల్దేరు" అంటూనే ఉంది. కాసేపటికి పిండి గిర్నీ సందులో, "అక్క వచ్చేసింది, చెప్పులేసుకో" అంటూనే ఉంది.

వారం కాకముందే భాయ్ సాబ్ మా అపార్ట్‌మెంట్‌కు వచ్చాడు. కింది నుంచి వాచ్‌మన్ ఫోన్ చేస్తే ఎవరో అనుకున్నాను. సోఫా అంచున కూర్చున్నాడు. మంచినీళ్లు తాగి గ్లాసు చేతిలోనే పట్టుకున్నాడు. మా ఇల్లు కనుక్కోవడానికి ఎవరెవరిని అడిగాడో చెప్పాడు. అటూ ఇటూ మాట్లాడాక అసలు విషయానికి వచ్చాడు.

"టీచరమ్మా, ఆ మెసేజ్ బంద్ చేయించుండ్రి."

"ఎందుకండీ? ఏమైంది?"

జరిగింది చెప్పాడు. తన తప్పేమీ లేనట్టే చెప్పాడు. చివర్లో ఆయన గొంతు మారింది.

"రోజూ పొద్దున మీరు ఫోన్ల అక్క వచ్చింది అంటరు. ఆమె దర్వాజ దిక్కు చూస్తది. రాదని తెలుసు. అయినా చూస్తది. నాతోని ఏమనది. అన్నం తింటది, గోలీలు వేసుకుంటది, అన్ని చేస్తది. మాట్లాడదు. రేపు పొద్దున మల్ల మీరు అంటరు, మల్ల చూస్తది."

నేను చెప్పిన మాట ఒక ఇంట్లో అబద్ధంగా మోగుతోందని అప్పుడు తెలిసింది. నాకు తెలియకుండా, నా నోటితో. కొంచెం ఇబ్బందిగా అనిపించింది. ఆపిస్తానని మాత్రం అనలేదు. "ముందు ఫిజియో అమ్మాయిని ఒకసారి ఆపాను చూడనివ్వండి. చూసి ఆ అమ్మాయి ఏమంటే అది చేద్దాం" అన్నాను.

గ్లాసు బల్ల మీద పెట్టాడు. "చూడనియ్యుండ్రి" అన్నాడు.

మర్నాడు ఫిజియో అమ్మాయితో నేనూ వెళ్లాను. ఆపాను నేను చూడటం అదే మొదలు. గుండ్రటి ముఖం, మెడ దాకా దుప్పటి, దుప్పటి మీద రెండు చేతులు. నేను సలాం చెప్పగానే కళ్లు పెద్దవి చేసింది.

"ఇదే ఆవాజ్" అంది. "నువ్వు రోజూ వస్తవ్ మా ఇంట్లకు."

ఫిజియో అమ్మాయి చాలాసేపు పరీక్షించింది. ఒక్కో కాలు ఎత్తించింది, వంచింది, అరికాళ్లు నొక్కి చూసింది. ఆపాను మంచం అంచున కూర్చోబెట్టి, నడుము చుట్టూ ఒక బెల్టు కట్టి, దాన్ని పట్టుకుని లేపింది. ఆపా లేచి నిలబడింది. భాయ్ సాబ్ గోడకు ఆనుకుని, తను పడిపోతున్నట్టు రెండు చేతులూ ముందుకు చాచాడు.

"చాచా, ఎముక అతుక్కొని ఎన్నో నెలలైంది" అంది ఆ అమ్మాయి. "ఇన్ని రోజులు పండుకోబెట్టి ఉంచొద్దుండె. కండలు ఎట్ల కరిగినయో చూడుండ్రి. పడుతదని భయపడి పండుకోబెడితే ఇంకింత పడుతది." తర్వాత ఆపా వైపు తిరిగింది. "మీరు ఆ రోజు చేసింది కూడ తప్పే. ఆ అక్కకే మోకాళ్లు సక్కగ లేవు. మీరు జారితే ఇద్దరూ పోతుండె. నాకు చెప్పాల్నా వద్దా?"

ఆపా తిట్లు తింటూ నిలబడే ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు, ఆమె కూడా అడగలేదు. కాసేపటికి, "వో కబ్ ఆతీ?" అని భర్తను అడిగింది. ఆమె ఎప్పుడొస్తుంది అని. ఆ వారంలో ఆయనతో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

"నేను ఫోన్ చేస్తానుండండి" అని నేను ఫోన్ తీశాను.

"వద్దు. నేనే పోత" అని భాయ్ సాబ్ బయటికి వెళ్లాడు.

అక్క ఇంటి దగ్గర ఏం జరిగిందో అక్కే చెప్పింది. "గల్లీ మొగన నిలవడి దగ్గిండు. బయటికొచ్చి చూసిన. చల్ అమ్మా అన్నడు. గంతే. మాఫీ గీఫీ ఏం అడగలె. నేనూ ఏం అనలె. సంచి తీసుకొని ఎనకాల పోయిన."

అదయ్యాక ఫిజియో అమ్మాయి దవాఖాన నుంచి ఒక వాకర్ తెచ్చి ఇచ్చింది. బట్టలుతికే బండ దగ్గర పాకుడు గీకించి, గరుకు సిమెంటు వేయించింది. వారానికి రెండుసార్లు వచ్చి కసరత్తులు చేయించేది. మిగిలిన రోజులు అక్క, భాయ్ సాబ్ చెరో పక్కన నిలబడేవారు. ఆయన ఇప్పుడు హోటల్‌కు పోవడం కొంచెం తగ్గించాడు. ఆయన చుక్క కొన్ని రోజులు బూడిద రంగుకు తిరిగింది. ఫోన్ కదలకపోయినా మనిషి ఇంట్లోనే తిరుగుతున్నాడని మాకు తెలుసు, తెరకు తెలియదు. ఆపా పేరైతే ఆ తెర మీద ఎప్పుడూ లేదు. ఆమెకు సొంత ఫోన్ లేదు, ఆమెను ఎవరూ చేర్చుకోలేదు. ఎండలు ముదిరేసరికి ఆమె వాకర్ పట్టుకుని పిండి గిర్నీ దాకా పోయి రాగలిగింది. ఆ దారిలో రెండుచోట్ల ఆగి, గుమ్మాల్లో ఉన్నవాళ్లతో మాట్లాడేది. పని మీద పోతున్నట్టే పోయేదని అక్క మెచ్చుకుంది.

ఆ వానాకాలంలో సంస్థ పని ముగిసింది. ఇలాంటివి కొంతకాలమే నడుస్తాయని ఫిజియో అమ్మాయి మొదట్లోనే చెప్పింది. ఒక రోజు నుంచి మాటలు వెళ్లడం ఆగిపోయింది. ఆ అమ్మాయికి ఇంకో ఊళ్లో ఉద్యోగం వచ్చింది. వెళ్లేముందు చెప్పడానికి వచ్చి, ఎంతమంది ఇంకా నడుస్తారంటారు టీచర్ అని అడిగింది. తెలియదన్నాను. కొన్ని నెలల తర్వాత దవాఖాన వరండాలో కొందరు కనిపించారు. చాలామంది మానేశారు. మీ మాట వస్తలేదు కదా మేడమ్ అన్నారు ఇద్దరు ముగ్గురు, ఆ తప్పు నాదైనట్టు. ఒకాయన మాత్రం రోజూ నడుస్తున్నానన్నాడు. ఆయన మొదటి నుంచీ, ఎవరూ చెప్పకముందు నుంచీ నడిచే మనిషి.

అక్క ఎవరి గొంతూ లేకుండానే పిండి గిర్నీ సందుకు పోతూ ఉండేది. ఆ ఏడు చివర్లో వాళ్ల ఇంటి యజమాని ఆ గదులు పడగొట్టి పైకి కడతానన్నాడు. కూతురు మైలార్‌దేవ్‌పల్లిలో, తోటి పనివాళ్లు ఉండే ఒక బిల్డింగ్‌లో మొదటి అంతస్తులో కిరాయికి తీసుకుంది. అక్క వెళ్లిపోయింది. ఇప్పుడు రోజూ రావడానికి దూరం, పైగా మెట్లు. ఆపా ఫోన్‌లో మాట్లాడేది. కొన్ని వారాలకు ఫోన్ చాల్లేదు.

"నేనే పోత" అందట ఒకరోజు. భాయ్ సాబ్ నాకు ఫోన్ చేశాడు. "టీచరమ్మా, మీరు జర తోడు రావాలె. మెట్లున్నయంట. నాకు భయమైతున్నది. ఆమె వినేటట్టు లేదు."

ముగ్గురం ఆటోలో వెళ్లాం. నేను డ్రైవర్ పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వెనక ఆపా, ఆమె ఒళ్లో గిన్నె, గిన్నెలో ఖట్టీ దాల్, పుల్లటి పప్పు. భాయ్ సాబ్ కాళ్ల మధ్య వాకర్. కాటేదాన్ దాటుతుంటే ఆయన తను పనిచేసిన షాపు ఉన్న సందు చూపించాడు. ఆపా అటు చూడలేదు, మూత జారకుండా గిన్నెనే చూసుకుంటోంది.

బిల్డింగ్ మెట్లు ఇరుకు. ఒక పక్కే రెయిలింగ్ ఉంది. ఆపా రెయిలింగ్ పట్టుకుంది, రెండో చెయ్యి నా భుజం మీద వేసింది. బరువైన మనిషే. కింద నుంచి భాయ్ సాబ్ వాకర్ భుజానేసుకుని, "ఆహిస్తా, ఆహిస్తా" అని, మెల్లగా ఎక్కమంటూ వస్తున్నాడు. మలుపు దగ్గర ఎవరివో చెప్పుల వరస ఉంటే, వాటిని ఆయన ఒక్కొక్కటీ కాలితో పక్కకు నెట్టాడు. ఆపా అక్కడ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. పై నుంచి అక్క గొంతు వినిపించింది.

"ఎవరు రమ్మన్నరు గింత కష్టపడి? నేను రాకపోదునా? పడితే ఎవరిదా పాపం?"

"చుప్ బైఠో" అంది ఆపా కింది నుంచి, నోరు మూసుకుని కూర్చోమని. మళ్లీ ఎక్కడం మొదలుపెట్టింది.

పైకి చేరాం. అక్క ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, కొంగుతో ఆమె ముఖం మీద చెమట తుడిచింది. తర్వాత గిన్నె మూత తీసి వాసన చూసి, చింతపండు ఎక్కువైందంది. ఆపా ఒప్పుకోలేదు. కూతురు రాత్రి డ్యూటీ చేసి వచ్చి పక్క గదిలో నిద్రపోతోంది కాబట్టి గొంతులు తగ్గించుకుని పోట్లాడుకున్నారు. అన్నాలు తిన్నాం. భాయ్ సాబ్ కిటికీ దగ్గర కుర్చీలో కునుకు తీశాడు. నేను కాసేపు విన్నాను, కాసేపు వినలేదు.

దిగడం ఎక్కడం కన్నా కష్టమైంది. ఆపా వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు ఒక్కో మెట్టూ దిగింది. కింద ఆటో ఎక్కాక ఆమె ముఖం పాలిపోయి ఉంది. ఇంకెప్పుడూ రావొద్దని భాయ్ సాబ్ దారంతా చెబుతూ వచ్చాడు. ఆమె సరేనంది.

తర్వాతి వారం ఆపా మళ్లీ వెళ్లింది. ఈసారి నన్ను పిలవలేదు.